చివరి మడి దాకా నీరు



సముద్రం దగ్గరి ఊళ్లలో బోర్లు పెరిగి, తోడటం మితిమీరితే ఏమవుతుందో మన కోస్తా రైతులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. నిన్నటిదాకా తియ్యగా ఉన్న నీరు ఉప్పు తిరుగుతుంది. అమెరికాలో లాస్ ఏంజెలెస్ ప్రాంతానికి ఇదే ముప్పు వచ్చింది. పసిఫిక్ తీరం వెంట అక్కడి నేల కింద పెద్ద నీటి నిల్వ ఒకటి ఉంది. దాన్ని వెస్ట్ బేసిన్ అంటారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో పురపాలక సంఘాలు, నీటి కంపెనీలు, చమురు శుద్ధి కర్మాగారాలు ఎవరికి కావలసినంత వాళ్లు తోడుకున్నారు. భూగర్భంలో నీటిమట్టం సముద్రమట్టం కన్నా దిగువకు పడిపోయింది. ఉప్పునీరు బావుల్లోకి పాకడం మొదలైంది. తోడేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. కానీ నేనొక్కణ్ణే తగ్గించుకుంటే లాభమేముంది, నేను వదిలిన నీరు పక్కవాడు తోడుకుపోతాడు కదా అని ఎవరి లెక్క వాళ్లది.

1960ల మొదట్లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఒక యువతి, ఈ వెస్ట్ బేసిన్‌నే తన డాక్టరేట్ పరిశోధనకు ఎంచుకున్నారు. నీటి సంఘం సమావేశాలకు వెళ్లి కూర్చున్నారు. తీర్మానాల పుస్తకాలు తిరగేశారు, కోర్టు కాగితాలు చదివారు. ఆమె పేరు ఎలినార్ ఆస్ట్రమ్. తర్వాతి కాలంలో, 2009లో, అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న మొట్టమొదటి మహిళ ఆమే. ఈ రోజు ప్రసంగం ఆమె గురించి, ఆమె జీవితమంతా పట్టుకుని వదలని ఒకే ఒక ప్రశ్న గురించి. పదిమందిదైన నీటిని, అడవిని, బీడును ఆ పదిమందీ కలిసి కాపాడుకోగలరా? కాపాడుకోగలిగితే ఎలా?

వెస్ట్ బేసిన్‌లో ఆమె చూసిందేమిటంటే, తోడేవాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. ఎవరెంత తోడుతున్నారో, మట్టం ఎంత పడుతోందో అందరికీ తెలిసేలా లెక్కలు తీశారు. ఎవరి హక్కు ఎంతో తేల్చమని 1945లోనే కోర్టుకు వెళ్లారు. అయితే తీర్పు కోసం చేతులు కట్టుకుని కూర్చోలేదు. కోర్టు బయట ఏళ్ల తరబడి మాట్లాడుకుని, అందరూ కొంత కొంత తగ్గించుకునే ఒప్పందానికి వచ్చారు. దాన్ని అమలుపరిచి ఏటా లెక్కలు ప్రకటించడానికి ఒక పర్యవేక్షకుణ్ణి పెట్టారు. తీరం వెంట వరుసగా బావులు తవ్వి, వాటిలోకి మంచినీరు ఎక్కించి, సముద్రపు నీటికి అడ్డుకట్ట వేశారు. నీరంతా ఒక కంపెనీ కొనెయ్యలేదు, ప్రభుత్వం స్వాధీనం చేసుకోనూ లేదు. ఈ పరిశోధనకే 1965లో ఆమెకు డాక్టరేట్ వచ్చింది.

ఆ చదువు దాకా రావడం ఆమెకు తేలిక కాలేదు. 1933 ఆగస్టు 7న లాస్ ఏంజెలెస్‌లో పుట్టారు. అమెరికా ఆర్థిక మాంద్యంలో ఉన్న రోజులవి. తండ్రి రంగస్థలానికి సెట్లు వేసేవారు, తల్లి సంగీతం తెలిసిన మనిషి. ఇద్దరూ విడిపోయాక ఎక్కువగా తల్లి దగ్గరే పెరిగారు. ఇంట్లో కూరగాయలు పండించుకుని, డబ్బాల్లో నిలవ పెట్టుకుని గడుపుకున్న బాల్యం. మాట నత్తిగా వచ్చేది. బడిలో చర్చా పోటీల జట్టులో చేరి దాన్ని దాటారు. ఉన్నత పాఠశాలలో త్రికోణమితి చదువుతానంటే, ఆడపిల్లకు అదెందుకని వద్దన్నారు. ఆ ఒక్క మాట చాలా దూరం వెంట వచ్చింది. తర్వాత అర్థశాస్త్రంలో డాక్టరేట్ చేస్తానని అడిగితే, నీకు గణితం చాలదని ఆ శాఖవాళ్లు నిరుత్సాహపరిచారు. అందుకని రాజనీతి శాస్త్రంలో చేరారు. ఆ ఏడాది చేరిన నలభై మందిలో మహిళలు నలుగురే.

అంతకు ముందు, డిగ్రీ అయ్యాక ఉద్యోగాలకు వెళితే, టైపు వచ్చా, షార్ట్‌హ్యాండ్ వచ్చా అని అడిగేవారట. పోస్టు ద్వారా షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నారు. ఎవరి దగ్గరా డిక్టేషన్ తీసుకోలేదు గానీ, తర్వాత పరిశోధనలో జనంతో మాట్లాడుతూ నోట్సు రాసుకోవడానికి ఆ విద్య పనికొచ్చిందని ఆమే రాసుకున్నారు. 1963లో విన్సెంట్ ఆస్ట్రమ్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆయన రాజనీతి శాస్త్ర పండితుడు. 1965లో ఆయనకు ఇండియానా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వస్తే ఇద్దరూ బ్లూమింగ్టన్ చేరారు. ఈమెకు దక్కింది మంగళ, గురు, శనివారాల్లో పొద్దున్నే ఏడున్నర గంటల క్లాసు, మరెవరూ కోరుకోని వేళ. అక్కడి నుంచే మొదలుపెట్టారు. 1973లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఒక పరిశోధన సంస్థ నెలకొల్పి దానికి వర్క్‌షాప్ అని పేరు పెట్టారు. వాళ్లిద్దరికీ వడ్రంగం పని వచ్చు. ఒక పనిమంతుడి దగ్గర నేర్చుకుని, తమ ఇంటి సామాన్లు తామే చేసుకున్నారు. గురువు, శిష్యుడు ఒకే బల్ల దగ్గర నిలబడి పని చేసే చోటులా పరిశోధన కూడా ఉండాలని వాళ్ల ఉద్దేశం.

ఆ తొలి రోజుల్లో ఆమె నీటిని కాసేపు పక్కన పెట్టి పోలీసుల మీద పరిశోధన చేశారు. అప్పట్లో అమెరికాలో చాలామంది మేధావులది ఒకటే మాట. చిన్న చిన్న పోలీసు శాఖలన్నీ రద్దు చేసి, నగరానికంతటికీ ఒక పెద్ద శాఖ పెడితే ఖర్చు తగ్గి పని మెరుగుపడుతుందని. ఆస్ట్రమ్, ఆమె విద్యార్థులు 1970లో ఇండియానాపొలిస్‌లో ఇల్లిల్లూ తిరిగి అడిగారు. దొంగతనం జరిగితే పోలీసులు ఎంతసేపటికి వచ్చారు? ఎలా మాట్లాడారు? తర్వాత ఇంకా అనేక నగరాల్లో ఇదే పని చేశారు. గస్తీ తిరగడం, పిలిస్తే రావడం లాంటి పనుల్లో చిన్న శాఖలే మేలనిపించుకున్నాయి. నేర పరిశోధన ప్రయోగశాల వంటివాటికి మాత్రం పెద్ద శాఖ ఉండటమే మంచిదని తేలింది. ఏ పనికి ఎంత పెద్ద సంస్థ కావాలో ఆ పనినిబట్టి ఉంటుందన్న ఈ గమనిక ఆమె ఆలోచన అంతటికీ పునాది.

ఇప్పుడు అసలు వాదానికి వద్దాం. 1968లో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. అందరికీ చెందిన ఒక పచ్చికబీడును ఊహించుకోమన్నారు. ప్రతి కాపరీ ఇంకో పశువును తోలితే లాభం తనకు, నష్టం అందరికీ. కనుక ప్రతివాడూ తోలుతూనే ఉంటాడు, చివరికి బీడు నాశనమవుతుంది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చె అని మన పెద్దలన్న సామెత సారమూ ఇదే. హార్డిన్ చూపించిన దారులు రెండే. బీడును ముక్కలు చేసి ఎవరిది వాళ్లకు రాసివ్వాలి, లేదా ప్రభుత్వం తన అదుపులోకి తీసుకోవాలి. ఈ వ్యాసం ప్రపంచమంతా పాకింది. పేద దేశాల్లో అడవులు, చేపల రేవులు, కాలువలు ప్రభుత్వాల చేతిలో ఉండటానికి, మరికొన్ని చోట్ల కంపెనీల పరం కావడానికి కూడా దీన్నే ప్రమాణంగా చూపారు.

ఆస్ట్రమ్ ఆ వాదాన్ని తోసిపుచ్చలేదు. హార్డిన్ చెప్పినట్టు నాశనమైన బీడులు నిజంగానే ఉన్నాయని ఒప్పుకున్నారు. కానీ ఆ కథలో కాపరులు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఆ బీడుకు హద్దు లేదు, ఎవరైనా వచ్చి మేపుకోవచ్చు. నిజమైన ఊరి బీడు అలా ఉంటుందా? ఉండదు. అది ఎవరిదో ఊరందరికీ తెలుసు. ఎప్పుడు మేపాలో, ఎన్ని తోలాలో ఒక కట్టుబాటు ఉంటుంది. చాలా ఏళ్ల తర్వాత హార్డిన్ కూడా తాను చెప్పింది అజమాయిషీ లేని ఉమ్మడి ఆస్తి గురించేనని సవరించుకున్నారు.

1990లో ఆస్ట్రమ్ ముఖ్య గ్రంథం గవర్నింగ్ ద కామన్స్ వచ్చింది. ప్రపంచం నలుమూలలా ఇతర పరిశోధకులు రాసిన ఊళ్ల చరిత్రలను పోగుచేసి, వాటిలో నిలిచినవి ఎందుకు నిలిచాయో, చెడినవి ఎందుకు చెడ్డాయో ఆ పుస్తకంలో పోల్చి చూశారు. నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా ఇష్టమైనవి ఆ ఊళ్ల నియమాలే.

స్విట్జర్లాండ్‌లో టోర్బెల్ అనే కొండ ఊరు ఉంది. ఎండాకాలంలో ఆవులన్నీ ఉమ్మడి కొండ బీడుకు వెళ్తాయి. 1517 నాటి కట్టుబాటు ప్రకారం, చలికాలమంతా తన సొంత గడ్డితో ఎన్ని ఆవులను మేపగలడో అన్ని ఆవులనే ఎవరైనా కొండకు తోలాలి. దీనికి కొలతలు అక్కర్లేదు, అధికారి సర్వే అక్కర్లేదు. గడ్డివామి ఎవరిది ఎంతో అందరికీ కనబడుతూనే ఉంటుంది. ఎక్కువ తోలినవాడికి జరిమానా. పట్టుకున్న ఊరి అధికారికి అందులో సగం.

తుర్కియేలో అలన్యా అనే రేవు ఉంది. 1970ల మొదట్లో వల వేసే మంచి చోట్ల కోసం అక్కడి జాలరులు కొట్టుకునే దాకా వచ్చింది. పదేళ్లకు పైగా అది ప్రయత్నించి, ఇది ప్రయత్నించి ఒక పద్ధతికి కుదురుకున్నారు. వల వేసే చోట్లకన్నిటికీ పేర్లు పెట్టి జాబితా రాశారు. ఏటా సెప్టెంబరులో చీట్లు వేస్తారు. ఎవరికి ఏ చోటు వస్తే అక్కడ మొదలుపెట్టి, జనవరి దాకా రోజుకొక చోటు చొప్పున తూర్పుకు జరుగుతూ పోతారు. ఆ తర్వాత పడమటికి. మంచి చోటు అందరికీ వంతు వస్తుంది. దీనికి కాపలా కూడా వేరే పెట్టక్కర్లేదు. ఈ రోజు మంచి చోటు వంతు ఎవరిదో అతను తెల్లవారేసరికి అక్కడ ఉంటాడు. వేరేవాడు వస్తే ఊరుకోడు.

ఇలాంటి కథ మన నేల మీద కూడా ఉంది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లాలో కాలువ కింది ఊళ్లు తిరిగి, 1988లో విలేజ్ రిపబ్లిక్స్ అనే పుస్తకం తెచ్చారు. ఒక ఊరిని కొత్తపల్లె అనే మారుపేరుతో వివరంగా వర్ణించారు. ఆ ఊళ్లో చట్టప్రకారం ఉన్న పంచాయతీ కాకుండా పెద్దల కూటమి వేరే ఉంది. దానికి సొంత నిధి ఉంది. కోతలయ్యాక పొలాల్లో మేసేందుకు వచ్చే గొర్రెల కాపరుల దగ్గర, రాత్రిళ్లు తమ చేలో మంద కట్టించుకునే రైతుల దగ్గర వేలం పాటల ద్వారా డబ్బు సమకూరేది. ఆ ఏర్పాటు కింద పొలం కావలివాళ్లను పెట్టారు. నీళ్లు కట్టే మనుషులను ఊరుమ్మడిన పెట్టి, ఎవరి మడికి వాళ్లు గండి కొట్టుకోకుండా, వాళ్లచేతనే వరసగా నీరు పారించారు. కాలువ పైనుంచి నీరు రప్పించుకోవడానికి అధికారులకు ముట్టజెప్పే డబ్బు కూడా ఆ నిధిలోంచే పోయేదని వేడ్ దాచకుండా రాశారు. ఆయన గమనించిన ఇంకో విషయముంది. ఇలాంటి కట్టుబాటు కాలువ మొదట ఉన్న ఊళ్లలో పెద్దగా లేదు. కాలువ చివర, నీటికి కటకటలాడే ఊళ్లలోనే ఎక్కువ. పుష్కలంగా నీరున్నచోట కలిసి కూర్చునే అవసరమే రాదు. ఆస్ట్రమ్ ఆలోచనకు ఇది గట్టి ఆధారమైంది.

మనుషులు మంచివాళ్లు, వదిలేస్తే సర్దుకుంటారు అని ఆస్ట్రమ్ అన్నట్టు కొందరు చెబుతుంటారు. అది ఆమెకు అన్యాయం చేయడమే. ఆమె పుస్తకంలో విఫలమైన రేవులు, కాలువలు కూడా ఉన్నాయి. నిలబడిన ప్రతి చోటా కష్టం ఉంది. ఎవరు లోపల, ఎవరు బయట అన్న హద్దు ఉంది. నియమం పాటించాల్సినవాళ్లకే దాన్ని మార్చే హక్కు ఉంది. కనిపెట్టి చూసేవాళ్లు ఆ ఊరివాళ్లే, లేదా ఊరికి జవాబు చెప్పుకోవాల్సినవాళ్లు. తొలి తప్పుకు చిన్న జరిమానా, మళ్లీ మళ్లీ చేస్తే పెద్దది. తగాదా వస్తే తక్కువ ఖర్చుతో, దగ్గరలో తీరే చోటు ఉండాలి. స్పెయిన్‌లోని వలెన్సియాలో శతాబ్దాలుగా ప్రతి గురువారం నీటి తగాదాల న్యాయస్థానం పెద్ద చర్చి గుమ్మం ముందు కూర్చుంటోంది. వాద ప్రతివాదాలన్నీ నోటిమాటే. ఇవన్నీ ఉన్నా, పై ప్రభుత్వం వాళ్ల హక్కును గుర్తించకపోతే ఏదీ నిలవదని కూడా ఆమె రాశారు. ప్రభుత్వం వద్దన్నది ఆమె మాట కాదు.

ప్రయోగశాలలో కూడా ఆమె ఈ సంగతిని పరీక్షించి చూశారు. కొందరు విద్యార్థులను కూర్చోబెట్టి, ఒక ఉమ్మడి నిధిలోంచి తలా కొంత తీసుకోమన్నారు. మాట్లాడుకోకుండా ఆడినప్పుడు హార్డిన్ చెప్పినట్టే నిధి ఖాళీ అయ్యేది. మధ్యలో కాసేపు ముఖాముఖి మాట్లాడుకోనిస్తే ఫలితం మారిపోయేది. వాళ్లకు వాళ్లే మాట అనుకుని, చాలావరకు నిలబెట్టుకునేవారు. అమలుచేసే అధికారి లేని మాటకు విలువ లేదని అప్పటి సిద్ధాంతం. కళ్లెదురుగా ఫలితం వేరేగా వచ్చింది.

ఆమె నేపాల్‌లో చేసిన కాలువల పరిశోధన మీద కాస్త ఎక్కువసేపు ఆగాలని ఉంది. నూటికి పైగా కాలువ వ్యవస్థల వివరాలు ఆమె బృందం సేకరించింది. కొన్ని ప్రభుత్వ శాఖ నడిపేవి, ఇంజనీర్లు కట్టిన కాంక్రీటు ఆనకట్టలున్నవి. మిగిలినవి రైతులు రాళ్లు, మట్టి, కంపతో కట్టుకున్నవి. రైతుల కాలువలే చివరి మడి దాకా ఎక్కువ నీరు చేర్చాయి, పంటా ఎక్కువ వచ్చింది. కారణం వెతికితే ఇలా ఉంది. మట్టికట్ట ప్రతి వానాకాలంలో కొట్టుకుపోతుంది. తిరిగి కట్టాలంటే చాలామంది చేతులు కావాలి. ఎగువ రైతులు దిగువ వాళ్లను పిలవక తప్పదు. దిగువ వాళ్లు వచ్చి పనిచేస్తారు, దానికి బదులుగా నీరు అడుగుతారు. ఎగువవాడికి వాళ్ల అవసరం ఉంది కనుక నీరు వదులుతాడు. బయటి నుంచి ఒక సంస్థ వచ్చి శాశ్వతమైన కాంక్రీటు కట్ట కట్టిచ్చిందనుకోండి. ఇంక ఎగువవాడికి దిగువవాడి చేతులతో పని లేదు. నీరూ వదలడు. మంచి ఉద్దేశంతో పోసిన సిమెంటు ఊరి బేరాన్ని పాడుచేసింది.

మన చెరువుల కథను ఈ వెలుగులో చూడాలి. నీరటి తూము తీసి కట్టడం, ఊరుమ్మడిగా కాలువ పూడిక తీయడం, కరువు ఏట ఆయకట్టులో ఎంత సాగు చేయాలో ముందే అనుకోవడం ఇవన్నీ మన ఊళ్లు తరతరాలుగా చేసిన పనులు. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాగునీటి యాజమాన్య చట్టం తెచ్చి, పది వేలకు పైగా నీటి సంఘాలకు ఒక్కసారిగా ఎన్నికలు పెట్టింది. రైతుకు అధికారం ఇవ్వాలన్న ఆలోచన గొప్పది. కానీ కాలువ కింది ఊరికీ, చిన్న కుంట కింది ఊరికీ ఒకే నమూనా వచ్చింది. ప్రపంచంలో ఎక్కడికైనా సరిపోయే ఒకే మందు లేదని ఆస్ట్రమ్ జీవితమంతా చెప్పిన హెచ్చరిక ఇదే. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ దాదాపు 46 వేల చెరువుల పునరుద్ధరణ లక్ష్యంగా పెట్టుకుంది. అందులో నాకు నచ్చింది పూడిక మట్టి విషయం. తవ్వింది ప్రభుత్వం, సొంత ఖర్చుతో పొలాలకు తోలుకున్నది రైతులు. ఆ మట్టి విలువ వాళ్లకు తెలుసు కనుక తోలుకున్నారు. అయితే మళ్లీ పూడిక పేరినప్పుడు తీసేది ఎవరు, మత్తడి తెగితే ముందు కదిలేది ఎవరు అన్న ప్రశ్నలు కాంట్రాక్టు కాగితంలో ఉండవు.

వీటికన్నా ఆమె ఆలోచనకు దగ్గరగా వచ్చింది ఇంకో పని. అనంతపురం, ప్రకాశం, మహబూబ్‌నగర్ వంటి ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో రైతుల భూగర్భజల యాజమాన్య పథకం నడిచింది. రైతులే వానను కొలిచారు, బోరుబావుల మట్టం కొలిచారు. రబీకి ముందు కూర్చుని, ఉన్న నీరు ఎంత, అనుకున్న పంటలకు కావలసింది ఎంత అని పంటల నీటి బడ్జెట్ వేశారు. ఏ పంటనూ ఎవరూ నిషేధించలేదు. లెక్క చూసి చాలామంది వరి తగ్గించి, నీరు తక్కువ పట్టే పంటల వైపు మళ్లారు. వెస్ట్ బేసిన్‌లో మొదటి మెట్టు కూడా ఇదే కదా, ఎవరెంత తోడుతున్నారో అందరికీ తెలియడం.

ఉమ్మడి వనరులను అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం మహాసభ 2011 జనవరిలో హైదరాబాద్‌లో జరిగింది. ఆ సంఘాన్ని నిలబెట్టిన వాళ్లలో ఒకరైన ఆస్ట్రమ్ కూడా వచ్చారు. నోబెల్ వచ్చి అప్పటికి ఏడాది దాటింది. ఆ బహుమతి ప్రకటించిన రోజున చాలామంది అర్థశాస్త్రవేత్తలకే ఆమె పేరు కొత్త. తనకు వచ్చిన సొమ్మును ఆమె వర్క్‌షాప్‌కే ఇచ్చేశారు. 2012 జూన్ 12న క్యాన్సర్‌తో కన్నుమూశారు. వాతావరణ మార్పు గురించి, ప్రపంచ దేశాలన్నీ ఒక్క ఒప్పందం మీద సంతకం పెట్టేదాకా ఆగకుండా నగరాలు, రాష్ట్రాలు తమ పని మొదలుపెట్టాలని రాసిన ఆమె వ్యాసం అదే రోజు వెలువడింది. రెండున్నర వారాల తర్వాత విన్సెంట్ కూడా వెళ్లిపోయారు.

ఆమె ఆలోచనలో ఒక వెలితి ఉందని నా అభిప్రాయం. కట్టుబాటు నిలిచిందా లేదా అని ఆమె ఎంత శ్రద్ధగా చూశారో, ఆ కట్టుబాటు వేసిన గుంపులో ఎవరికి చోటు లేదన్న దాన్ని అంత శ్రద్ధగా చూడలేదు. కొత్తపల్లె పెద్దల కూటమి భూస్వాముల కూటమి. వాళ్ల నీరు చక్కగా పారింది, కూలివాడి మాట ఆ కూటమిలో వినబడలేదు. అర్థశాస్త్రవేత్త బీనా అగర్వాల్ మన దేశంలోనూ నేపాల్‌లోనూ అటవీ సంఘాలను పరిశీలించి, కట్టెలకు రోజూ అడవికి వెళ్లే ఆడవాళ్లకు అడవిని మూసేసే తీర్మానంలో మాట లేకుండా పోయిందని చూపించారు. ఆస్ట్రమ్ చెప్పిన నియమాల్లోనే దీనికి సమాధానం ఉందని నా నమ్మకం. నియమం ఎవరిని కట్టడి చేస్తుందో వాళ్లు దాన్ని మార్చగలగాలి అన్నది ఆమె సూత్రం. ఆ సూత్రాన్ని మన చెరువుకు పూర్తిగా వర్తింపజేస్తే, ఆయకట్టు పట్టాదారులతో పాటు చేపలు పట్టే ముదిరాజులు, బెస్తలు, బట్టలుతికే రజకులు, మట్టి తవ్వుకునే కుమ్మరులు, గొర్రెలకు నీళ్లు తాపే గొల్లకురుమలు కూడా కమిటీలో కూర్చోవాలి. ఇంటికి నీళ్లు మోసే ఆడవాళ్లు కూర్చోవాలి. 1997 చట్టం కింద ఏర్పడిన సంఘాల్లో ఓటు ప్రధానంగా ఆయకట్టు భూమి ఉన్నవాళ్లకే దక్కింది. దాన్ని సవరించే పని ఇప్పటికీ మిగిలే ఉంది. అది శాసనసభలు చేయాల్సిన పని. మీ ఊళ్లో చెరువు కమిటీ ఉంటే, వచ్చే సమావేశంలోనే వీళ్లను పిలవడానికి మాత్రం ఏ సవరణా అక్కర్లేదు.